ఇది చదువా, ఉద్యోగమా?

మా చెల్లెలు పొద్దున్నే ఫోను చేయదు. చేసిందంటే ఏదో విశేషం వుండి తీరాలి. ఆ రోజు కార్తీక సోమవారం. స్నానం చేసి తడి తుండుతో ఇంకా నిలబడే వున్నాను, ఫోను మోగింది.

"అన్నా! నీ మేనకోడలికి పోస్టు వచ్చిందంట!"

నా సంతోషం మీరు ఊహించుకోవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. బి.ఎస్సీ., ఎమ్.ఎస్సీ., ఆపైన భౌతికశాస్త్రంలో ఆరేళ్ళు కూర్చుని పి.హెచ్.డి. ఎట్టకేలకు ఒక ఉద్యోగం!

"ఎక్కడమ్మా? ఏ కాలేజీలో?" అన్నాను.

"కాలేజీ కాదంట. యాడో ఐరోపాలోనంట. రెండేండ్లకంట. పోస్టు డాక్టరంట. అంటే మళ్ళా చదవడమేగా అన్నా?" అనేసరికి ఆమె గొంతు జీరబోయింది.

ఆ జీరకు కారణం నాకు తెలుసు. మా బావ చిత్తూరు కోర్టులో గుమాస్తాగా పనిచేసి, రిటైరు కాకముందే కన్నుమూశాడు. ఆయన పోయిన తరువాత వచ్చిన పింఛనులో మిగిల్చి మిగిల్చి మా చెల్లెలు ఇరవై సవర్ల బంగారం కూడబెట్టింది. మదనపల్లె నుంచి మంచి సంబంధం వచ్చింది. కుర్రవాడు ఇంజనీరు, పిల్ల నచ్చింది, కట్నం మాట ఎత్తలేదు. పౌర్ణమిలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. సరిగ్గా ఇప్పుడు ఊడిపడింది ఈ పోస్టు.

"మేనమామవు, నువ్వు చెబితే వింటుంది. తిరుపతికి పోయి దానికి నాలుగు మాటలు చెప్పిరా అన్నా" అన్నది.

ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నాలుగు మాటలు చెప్పడం నాకు కష్టమా? మరునాడే బయలుదేరాను.

చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. రైలు పాకాల మీదుగా, చంద్రగిరి కోటను పలకరిస్తూ పోతుంది. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకున్నాను. ఒకటి, వయసు. రెండు, తల్లి. మూడు, చదువుకు ఒక అంతు వుండాలి. నాలుగోది పెద్దవాడిగా నా ఆజ్ఞ. అది అవసరమైతేనే!

ఎర్ర బంగారం

కపిలతీర్థం దగ్గర కలుసుకున్నాం. ముందురోజు సోమవారపు రద్దీ తగ్గింది గానీ, కొండ మీద నుంచి నీళ్ళు బాగానే దూకుతున్నాయి. మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాం.

"అమ్మ పంపిందా మామా?" అన్నది, నేను నోరు తెరవకముందే.

దాచడం దేనికి? వున్న సంగతంతా చెప్పి, "మీ అమ్మ నీకోసం ఇరవై సవర్ల బంగారం దాచింది పాపా! ఆ పచ్చటి బంగారం నీ ఒంటి మీద చూసుకోవాలని ఆమె ఆశ" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "బంగారం పచ్చగా వుంటుందని ఎవరు చెప్పినారు మామా?"

అక్కడ నా నాలుగు మాటలూ మరిచిపోయాను. లెక్కల మేష్టరుకు ప్రశ్న వేస్తే ఇంకేముంది? అప్పుడామె చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు మనవి చేస్తాను.

మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అంటారు. తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. బంగారాన్ని పది ఇరవై నానోమీటర్ల నలుసులుగా చేసి నీళ్ళలో కలిపితే ఆ నీళ్ళు పచ్చగా వుండవు, కెంపులాగా ఎర్రగా వుంటాయి. దీన్ని 1857లో మైకేల్ ఫారడే లోకానికి చూపించాడు. ఆయన తయారుచేసిన ఆ బంగారు నీళ్ళు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ సీసాల్లో వున్నాయి. మార్చింది వస్తువును కాదు, దాని సైజును మాత్రమే. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని గుణమే మారిపోతుంది!

ఇంకా చిన్నదైతే క్వాంటం సిద్ధాంతం రంగంలోకి దిగుతుంది. దానికి మా మేనకోడలు వీణను ఉదాహరణగా చెప్పింది. వీణ మెట్టు మీద వేలుపెట్టి తీగ పొడవు తగ్గిస్తే స్వరం పైకి పోతుంది కదా! ఎలక్ట్రాను కూడా ఒక విధమైన అలే. దాన్ని చిన్న నలుసులో బంధిస్తే, తీగను పొట్టిచేసినట్టే, దాని శక్తి పైకి పోతుంది. అందుచేత కాడ్మియం సెలినైడు అనే ఒకే పదార్థంతో చేసిన నలుసు, సుమారు ఆరు నానోమీటర్లుంటే ఎర్రటి వెలుగునూ, రెండు నానోమీటర్లుంటే నీలపు వెలుగునూ ఇస్తుంది. వీటిని క్వాంటం డాట్లు అంటారు. ఇప్పుడు బజారులో అమ్మే ఖరీదైన టెలివిజన్లలో కొన్నింటికి ఆ రంగులు వీటి వల్లనే వస్తున్నాయి.

"మరి ఇందులో నీ పనేమిటి? ఆ నలుసులు నువ్వు నూరుతావా?" అన్నాను.

"నూరేవాళ్ళు వేరే మామా. నేను లెక్కగట్టే దాన్ని. నా ప్రయోగశాల ఇదే" అని చేతిసంచిలో నుంచి నోటుపుస్తకం తీసి చూపించింది. పుట నిండా సమీకరణాలు, కొట్టివేతలు, అక్కడక్కడ కాఫీ మరకలు.

రెండు బంగారు తీగల కొసలను దగ్గరగా తెచ్చి, ఆ సందులో ఒకే ఒక అణువును ఇరికిస్తే దానిగుండా విద్యుత్తు ఎంత పారుతుంది, ఎట్లా పారుతుంది? ఇది ఆమె ప్రశ్న. ఒక్క అణువే విద్యుత్తును ఒక దిక్కుకు పోనిచ్చి, రెండో దిక్కుకు ఆపగలదని 1974లో అవిరామ్, రాట్నర్ అనే ఇద్దరు కాగితం మీద లెక్కగట్టారు. ఒక అణువును బంగారు కొసల నడుమ పెట్టి కొలిచామని మార్క్ రీడ్, జేమ్స్ టూర్ మొదలైనవారు ప్రకటించింది 1997లో. నడుమ ఇరవై మూడేళ్ళు! సిద్ధాంతకారులు ముందుగా దారి గీస్తే ప్రయోగం చేసేవాళ్ళు ఆ దారిన నడిచి వచ్చారన్నమాట.

"కంప్యూటరుకు చెబితే అది లెక్క కట్టదా?" అన్నాను.

"నువ్వే కట్టి చూడు మామా. ఒక్కో ఎలక్ట్రానుకు రెండే స్థితులనుకో, బొమ్మా బొరుసూ మాదిరిగా. పది ఎలక్ట్రాన్లకు ఎన్ని?"

నేను నా జేబులో కాగితం తీశాను. పదింటికి 1,024. ఇరవైకి 10,48,576. ముప్ఫైకి 107 కోట్లు దాటింది. యాభైకి పదకొండు కోట్ల కోట్లు దాటేసరికి పెన్సిలు కింద పెట్టాను.

"అందుకని, వీటిలో ఏవి వదిలేయవచ్చో, ఏవి వదలకూడదో మనిషే కనిపెట్టాల. అది పుస్తకాల్లో దొరకదు. అది బాగా తెలిసినోళ్ళ పక్కన కూచోని నేర్చుకోవాల" అన్నది.

జూనియరు ప్లీడరు

నిజం చెప్పవద్దూ? పోస్టు డాక్టరల్ అంటే ఏమిటో అప్పటికి గాని నాకు బోధపడలేదు. మనలో చాలామందికి చదువు తెలుసు, ఉద్యోగం తెలుసు. ఆ రెంటి నడుమ వున్న ఈ గట్టు తెలియదు.

పి.హెచ్.డి. అంటే ఒక గురువు అండన ఒక ప్రశ్నకు జవాబు కనుక్కున్నట్టు. అటుపైన వేరొక చోట, వేరొక పెద్ద దగ్గర, ఎక్కువగా తన కాళ్ళమీద తానే నిలబడి, ఒకటి రెండు మూడేళ్ళు పరిశోధన చేయాలి. దీనికి పరీక్షలుండవు, పట్టా వుండదు. జీతం వుంటుంది. లా పట్టా పుచ్చుకున్నవాడు మరునాడే బోర్డు కట్టుకోడు, పేరున్న ప్లీడరు దగ్గర జూనియరుగా చేరతాడు. ఇదీ అంతే. విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో ఆచార్య పదవికి మనుషులను తీసుకునేటప్పుడు ఈ జూనియరు రోజుల్లో ఏమి చేశారనే ముఖ్యంగా చూస్తారు.

క్వాంటం డాట్ల కథే ఇందుకు సాక్ష్యం. రష్యాలో ఎకిమోవ్ రంగుగాజులో వీటిని గుర్తించాడు. అక్కడి సిద్ధాంతకారుడు ఎఫ్రాస్ ఆ రంగులకు లెక్క చెప్పాడు. అమెరికాలో లూయీ బ్రూస్ 1983లో ద్రవంలో కనుగొన్నాడు. ఆ బ్రూస్ దగ్గర బెల్ ప్రయోగశాలలో 1988 నుంచి పోస్టు డాక్టరల్ పరిశోధకుడుగా పనిచేసిన కుర్రవాడు మౌంగి బవెండి. కాలేజీలో చేరిన కొత్తలో రసాయనశాస్త్రం పరీక్షలో అతనికి వచ్చిన మార్కులు నూటికి 20! ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. బ్రూస్ దగ్గర ముడిపడిన ఆ సమస్యను బవెండి తరువాత తన సొంత ప్రయోగశాలకు పట్టుకుపోయి, 1993లో ఈ డాట్లను అనుకున్న సైజులో శుభ్రంగా తయారుచేసే విధానం కనిపెట్టాడు. 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం ఎకిమోవ్, బ్రూస్, బవెండి ముగ్గురికీ కలిపి ఇచ్చారు. సీనియరూ, జూనియరూ ఒకే వేదిక మీద!

అంత దూరం ఎందుకు? మన తెలుగువారి సంగతే వుంది. రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి కుమారుడు అల్లాడి రామకృష్ణన్ గారు సిద్ధాంత భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన 1957-58లో ప్రిన్‌స్టన్‌లోని ఉన్నత విద్యాసంస్థలో ఒక సంవత్సరం గడిపారు. తిరిగి వచ్చి మద్రాసు మైలాపూరులోని తమ సొంత ఇంట్లో, ఏకామ్ర నివాస్‌లో, కుర్రవాళ్ళను పోగుచేసి సిద్ధాంత భౌతికశాస్త్రంలో గోష్ఠులు మొదలుపెట్టారు. 1960లో మద్రాసుకు వచ్చిన మహాశాస్త్రవేత్త నీల్స్ బోర్ ఆ కుర్రవాళ్ళను చూసి ముచ్చటపడ్డాడు. 1962 జనవరి 3న ఆ గోష్ఠులే గణితశాస్త్ర సంస్థగా రూపు దాల్చాయి. నేటికీ చెన్నై తరమణిలో ఆ సంస్థ నడుస్తున్నది. ఒక మనిషి దూరదేశంలో పెద్దల నడుమ గడిపిన ఒక సంవత్సరం మన గడ్డ మీద ఒక సంస్థ అయి కూర్చుంది.

దగ్గరలో దొరకదా?

"అంతా బాగుంది పాపా! ఆ పనేదో ఇక్కడే చేయరాదా?" అని నా చివరి బాణం వేశాను.

ఈ ప్రశ్న మీకూ కలిగే వుంటుంది. చేయవచ్చు. 1954లో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చిన నాటి తిరుపతి కాదు ఇది. ఐ.ఐ.టి., ఐసర్ అనే రెండు పెద్ద సంస్థలు 2015లో తిరుపతికి వచ్చాయి, ఏర్పేడు దగ్గర వెలిశాయి. 2023 ఏప్రిల్ 19న కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030-31 దాకా నడిచే ఈ పథకానికి బెంగుళూరు, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ నగరాల్లోని సంస్థలను నాలుగు కేంద్రాలుగా ఎంచారు. వాటిలో మొదటి రెండూ మా చిత్తూరుకు ఒక పూట ప్రయాణం.

ఇక జీతం మాట. పి.హెచ్.డి. అయినవారికి కేంద్ర ప్రభుత్వపు పరిశోధన పథకాల్లో రిసెర్చి అసోసియేటు అనే పేరుతో నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలని మూడు మెట్లు 2023 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఇంటద్దె భత్యం వేరే. ఇదిగాక రెండేళ్ళ జాతీయ పోస్టు డాక్టరల్ ఫెలోషిప్పు వున్నది. దానికి వయసు 35 దాటకూడదు, ఆడపిల్లలకు అయిదేళ్ళ సడలింపు వున్నది.

మా మేనకోడలు ఇక్కడి చోట్లకూ దరఖాస్తులు పెట్టింది. "కానీ మామా, ఆ బంగారు కొసల నడుమ అణువు సంగతి ఎవరి వ్యాసాలు చదివి మొదలుపెట్టినానో, ఆయనే రమ్మంటే ఎట్లా కాదనేది?" అన్నది. అది వూరి మీద మోజు కాదని నాకు తోచింది.

"ఆ రెండేళ్ళయ్యాక?" అన్నాను.

ఈ ప్రశ్నకు ఆమె నవ్వలేదు. నీళ్ళ వైపు చూసి, "తెలీదు మామా. ఇంకొకచోట ఇంకో రెండేండ్లు చేయాల్సి రావచ్చు. ఉద్యోగం దొరకనూ పోవచ్చు. దొరుకుతాదని అమ్మకు మాత్రం చెప్పొద్దు. అబద్ధం చెప్పి పోవడం నాకిష్టం లేదు" అన్నది.

ఆ మాటతో నా నాలుగు మాటలకూ సెలవిచ్చాను. అయితే పెద్దవాడిగా నాకు తోచిన ప్రశ్నలు కొన్ని అడిగి, జవాబులు రాసుకున్నాను. మీ ఇంట్లోనూ ఇటువంటి ఉత్తరం వస్తే పనికివస్తాయి. జీతం ఎంత, అది ఆ వూళ్ళో ఇంటద్దెకూ తిండికీ చాలుతుందా? మొదటే రెండేళ్ళకు రాసిచ్చారా, లేక ఒక ఏడాది చూసి పొడిగిస్తారా? వైద్య బీమా వున్నదా? ఆ ఆచార్యుని దగ్గర ఇదివరకు పనిచేసినవారు ఇప్పుడెక్కడున్నారు? పనిలో కొంతయినా తన సొంత ఆలోచనకు చోటు వుంటుందా? చివరి రెండు ప్రశ్నలకు జవాబు బాగుంటే, మొదటి వాటిలో కాస్త లోటున్నా సర్దుకోవచ్చు. మొదటివి ఎంత బాగున్నా, చివరివి బాగులేకపోతే వెళ్ళడం దండగ.

పౌర్ణమి

తిరుగు ప్రయాణంలో మళ్ళీ మాటలు పేర్చుకున్నాను, ఈసారి మా చెల్లెలికోసం. ఇంటికి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి వుంది. నా ముఖం చూడగానే, "నిన్ను కూడా తిప్పుకునిందా?" అన్నది.

జూనియరు ప్లీడరు సంగతి చెప్పాను. కోర్టు గుమాస్తా భార్య, ఆమెకు నాకంటే బాగా అర్థమైంది. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడలేదు. తరువాత తనే అడిగింది, "రెండేండ్లయినాక?"

"తెలియదమ్మా. జూనియరుగా చేరిన ప్రతివాడూ జడ్జీ కాలేదు కదా! అబద్ధం చెప్పవద్దన్నది నీ కూతురే."

"ఆయన చెప్పేవాడు" అన్నది మా చెల్లెలు. ఆయన అంటే మా బావ. "ఏ జూనియరు పైకొస్తాడో మొదటి రెండేండ్లలోనే తెలిసిపోతుందని. పొద్దుగూకినాక గూడా కట్టలు తిరగేస్తా వుంటే వాడు పైకొచ్చేవాడని."

"నీ కూతురి పుస్తకంలో కాఫీ మరకలు చూసి వచ్చాను" అన్నాను.

పౌర్ణమినాడు మదనపల్లెకు ఆమే ఫోను చేసింది. రెండేళ్ళు ఆగగలరా అని అడిగింది. వాళ్ళు మర్యాదస్తులు, ఆగలేమని మెల్లగా చెప్పారు. ఆ రాత్రి మా చెల్లెలు అన్నం తినలేదు. నాకూ గొంతు దిగలేదు. నేను చేసింది మంచో చెడో నాకే తెలియకుండా వుండింది. మాఘమాసంలో ఆ కుర్రవాడి పెండ్లి అయిపోయింది. శుభలేఖ మాకూ వచ్చింది.

పిల్ల సంక్రాంతి వెళ్ళాక విమానం ఎక్కింది. ఇప్పటికి ఎనిమిది నెలలు. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మొదటి నాలుగు నెలలు కట్టిన లెక్కంతా ఒక చోట ఋణగుర్తు తప్పినందువల్ల వృథా అయిందట. "తప్పయితే జీతం కోస్తారా?" అని మా చెల్లెలు కంగారుపడింది. కోయరని చెప్పాను. తప్పు ఎక్కడున్నదో పట్టుకున్నది ఆమే గనుక, ఆచార్యుడు మెచ్చుకున్నాడట.

పోయిన వారం వాళ్ళింటికి వెళితే, మా చెల్లెలు బీరువాలో నుంచి బంగారం పెట్టె తీసి గాజులు తుడుస్తున్నది. నన్ను చూసి, "బంగారం ఎర్రగా వుంటుందంటనే అన్నా? నిజమా?" అన్నది.

"నిజమే. బాగా చిన్నదిగా చేస్తే."

ఒక గాజు వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి మళ్ళా పెద్దది చేస్తే పచ్చగా అవుతుందా?"

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "ఆదివారం నీ కూతుర్నే అడుగు" అన్నాను.